నేల అడుగున ఒక కమాను కప్పు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము ముగిసీ ముగియకముందే భూగర్భ రైల్వే మీద ఉపన్యాసము వినిపించడము కొంత అన్యాయమే. అయినా కార్యవర్గమువారు కోరినారు, మేమూ ఒప్పుకొన్నాము. 2017లో మన చెన్నపట్నములో నేల అడుగున రైలు నడవడము మొదలయిన నాటినుండి మన ఇండ్లలో ఆ మాట తరచు వస్తూనే ఉన్నది. కదిలే మెట్లమీద దిగి, చల్లని గాలిలో నిలబడి, ఎంత బాగా కట్టినారు అనుకొని పోతూ ఉంటాము. కట్టిన చేతులు ఎవరివి, ఏ ఊరినుండి వచ్చినవి అని అడిగే తీరిక ఉండదు. ఈ సాయంకాలము ఆ ప్రశ్న అడగదలచినాము. మన స్టేషన్లు ఇంకా పసివి. వాటిమీద ఇప్పుడే తీర్పు చెప్పరాదు. నూట ఇరవై యేండ్లు దాటిన స్టేషను ఒకటి న్యూయార్కు నగరములో ఉన్నది. మన పిల్లలు, మనుమలు ఆ దేశములో చాలమంది ఉన్నారు గనుక అది మనకు మరీ పరాయి ఊరు కాదు. పైగా ఆ స్టేషనుకు కప్పు వేసినవాడు కూడ మన పూర్వులవలెనే చేతిలో విద్య పట్టుకొని ఊరు విడిచి వచ్చినవాడు. మేము దానిని ఎంచుకొన్నది అందుకే.

దాని పేరు సిటీ హాల్ స్టేషను. న్యూయార్కు నగరపాలక భవనము ముందున్న తోట అడుగున ఉన్నది. 1900 మార్చి 24న అక్కడే మేయరు వెండి పారతో మొదటి మన్ను తీసినాడు. ఆ తరువాత నాలుగున్నర యేండ్లు నిజమైన పారలు పట్టినవారు వేరు. ఇటలీ నుండి, ఐర్లండు నుండి వచ్చిన కూలీలు వేలమంది, వీధిని కాలువవలె చీల్చి, లోపల ఉక్కు చట్రములు నిలిపి, కాంక్రీటు పోసి, మరల పైన వీధిని పరచినారు. రాయి అడ్డము వచ్చినచోట సొరంగము తొలిచినారు. 1903 అక్టోబరులో ఫోర్ట్ జార్జి అనే చోట పైనున్న బండ విరిగి పడి పదిమంది ప్రాణములు పోయినవి. ప్రారంభోత్సవపు ఉపన్యాసములలో ఇంజనీరు విలియం బార్‌క్లే పార్సన్స్ పేరు, డబ్బు సమకూర్చిన ఆగస్ట్ బెల్మాంట్ పేరు మారుమ్రోగినవి. అది ఎక్కడనైనా ఉన్న వ్యవహారమే.

ఒక సంగతికి మాత్రము ఆ నగర పెద్దలను మెచ్చుకొనవలెను. ఈ రైల్వే గొప్ప ప్రజాకార్యము గనుక, జనము కంటికి కనబడే ప్రతి భాగమూ పనికి వచ్చేదిగా మాత్రమే కాక అందముగా కూడ ఉండవలెనని కాంట్రాక్టు కాగితములోనే వ్రాసినారు. టెండరు కాగితాలు చదివిన వారు మన సభలో కొందరున్నారు. అటువంటి షరతు ఎన్నిసార్లు చూచినారో వారినే అడగవచ్చును.

అందము చూచే పని హైన్స్, లాఫార్జ్ అనే ఇద్దరు వాస్తుశిల్పులకు అప్పగించినారు. వారు ఒక్కొక్క స్టేషనుకు ఒక్కొక్క రంగు, ఒక్కొక్క గుర్తు ఏర్పరచినారు. ఆస్టర్ ప్లేసు స్టేషను గోడమీద బీవరు అనే జంతువు బొమ్మ ఉన్నది. ఆస్టరు ఆ జంతువు చర్మముల వ్యాపారముతోనే కోటీశ్వరుడైనాడు. కొలంబస్ సర్కిలు స్టేషనులో కొలంబసు ఎక్కిన ఓడ బొమ్మ. ఇంగ్లీషు చదవలేని పరదేశీయులు దిగవలసిన చోటు పోల్చుకొనుటకు ఆ బొమ్మలు పనికి వచ్చినవని చెబుతారు. కొత్తగా వచ్చినప్పుడు అరవ అక్షరములు చదవలేక బస్సు రంగునో గుడి గోపురమునో గుర్తు పెట్టుకొని దిగిన మన అవ్వలకు ఈ సంగతి చక్కగా అర్థమవుతుంది.

సిటీ హాల్ స్టేషను ఆ లైనుకు దక్షిణపు కొస. ఉత్తరమునుండి వచ్చిన రైలు అక్కడ ఇంజను మార్చుకొనే పని లేకుండ గుండ్రముగా తిరిగి మరల ఉత్తరమునకు పోయేటట్లు పట్టాలను ఉంగరమువలె వంచినారు. స్టేషను ఆ వంపు మీదనే ఉన్నది. ప్లాట్‌ఫారము వంకర, గోడ వంకర, పైకప్పు కమాను. ఇటువంటి చోట తిన్నని దూలములు వేస్తే చూచుటకు బాగుండదు. అప్పుడు పిలిచినది రఫాయెల్ గ్వాస్తవీనో అనే మేస్త్రీని, అతని కంపెనీని.

ఈయన 1842లో స్పెయిను దేశములో వలెన్సియాలో పుట్టినాడు. బార్సిలోనాలో పేరు తెచ్చుకొన్నాడు. 1881లో ఎనిమిదేండ్ల చిన్న కొడుకును వెంటబెట్టుకొని న్యూయార్కు చేరినాడు. ఇంగ్లీషు రాదు. తెచ్చుకొన్నది తన సీమలో తాపీవాండ్లు తరతరాలుగా చేసే ఒక కప్పు పని.

ఆ పని మన పాత ఇండ్లు చూచినవారికి తేలికగా బోధపడుతుంది. మైలాపూరులోనో జార్జిటౌనులోనో పాత మిద్దె కింద నిలబడి పైకి చూస్తే, టేకు దూలముల మధ్య పలుచని చిన్న ఇటుకలు అంచుమీద నిలబెట్టి, ఏటవాలుగా ఒకదానికొకటి ఆనించి, సున్నముతో అతికించినట్లు కనబడతవి కదా. దానినే మద్రాసు టెర్రసు అంటారు. సున్నమును గానుగలో ఆడించి, కరక్కాయ నీళ్ళూ బెల్లపు నీళ్ళూ చేర్చి చేసిన పని. కింద చెక్కల ఆధారము అక్కరలేదు. పెట్టిన ఇటుక పక్క ఇటుకను పట్టుకొని నిలుస్తుంది. గ్వాస్తవీనో విద్య దీనికి దూరపు చుట్టమువంటిది. కాని అతనికి టేకు దూలము కూడ అవసరము లేదు.

అతని పెంకు సుమారు అడుగు పొడవు, ఆరంగుళముల వెడల్పు, ఒక్క అంగుళము మందము. దానిని పడుకోబెట్టి అంచులకు జిప్సము పూసి పక్క పెంకుకు ఆనించి కాసేపు పట్టుకొంటే చాలును. జిప్సము గట్టిపడి పెంకు గాలిలో నిలుస్తుంది. ఇట్లా ఒక వరుస కమాను పూర్తి అయిన తరువాత, దానిమీద సిమెంటుతో రెండవ పొర, మూడవ పొర వేస్తారు. కింది పొర అతుకులు పై పొర అతుకులతో కలియకుండ చూడవలెను. కీలకమంతా అక్కడే ఉన్నది. పొరలన్నీ కలిసి ఒకే పెంకువలె, కోడిగ్రుడ్డు డొప్పవలె అవుతవి. నాలుగైదంగుళముల మందము ఉన్న ఆ డొప్ప ఎంతో బరువు మోస్తుంది. నిన్న వేసిన భాగముమీద నిలబడి మేస్త్రీ నేటి పని చేసుకొంటాడు. కాలిన మట్టి గనుక నిప్పుకు చెదరదు. 1871లో షికాగో, 1872లో బోస్టను అగ్నికి ఆహుతి అయిన దేశములో ఈ ఒక్క గుణమే అతనికి అన్నము పెట్టినది. కమాను కట్టి, దాని కింద మంట పెట్టించి, అధికారులకు చూపించినాడు. చెప్పుటకు ఇంగ్లీషు చాలనివానికి అంతకంటె మంచి ఉపన్యాసము ఏమున్నది?

సిటీ హాల్ స్టేషనులో ఈ కమానులు ఒకదాని వెంట ఒకటి వంపు తిరుగుతూ పోతవి. లేత మీగడ రంగు పెంకుల నడుమ ఆకుపచ్చ, గోధుమ రంగు పట్టీలు. కొన్ని చోట్ల కప్పులో అద్దములు పొదిగి పైనున్న తోట వెలుతురు కిందికి దించినారు. ఇత్తడి షాండిలియర్లు వ్రేలాడదీసినారు. 1904 అక్టోబరు 27న ప్రారంభము. మేయరు మెక్లెల్లన్ లాంఛనముగా రైలును కదల్చి డ్రైవరుకు ఇవ్వవలసినది. ఆ సంబరములో పిడి వదలక నూటమూడవ వీధి వరకు తానే నడిపినాడు. ఆ రాత్రి లక్షమందికి పైగా జనము ఎక్కినారు. టిక్కెట్టు ఐదు సెంట్లు.

ఇంత ముచ్చటగా కట్టిన స్టేషను నలువది యొక్క యేండ్లే పని చేసినది. 1945 డిసెంబరు 31న మూసివేసినారు. యుద్ధకాలములో వెలుగు బయటికి పోరాదని అద్దములకు తారు పూసినది వేరే కథ. మూసివేతకు కారణము వంపే. మొదట ఐదు పెట్టెల రైళ్ళకు సరిపడేటట్లు కట్టినారు. జనము పెరిగినారు, రైళ్ళు పొడవైనవి, పెట్టెలకు మధ్యలో కూడ తలుపులు వచ్చినవి. వంపు మీద ఆగిన రైలుకు మధ్య తలుపు దగ్గర పెద్ద సందు పడుతుంది. అడుగు తప్పితే ప్రాణాపాయము. పొడిగించుదామా అంటే వంపు ఒప్పుకోదు. కూతవేటు దూరములో బ్రూక్లిన్ బ్రిడ్జి స్టేషను ఉన్నది. వేగపు రైళ్ళన్నీ అక్కడే ఆగుతవి. చివరి రోజులలో సిటీ హాల్ స్టేషనుకు వచ్చే ప్రయాణికులు దినమునకు సుమారు ఆరువందలమంది.

స్టేషను మూసినారు గాని ఆ కప్పు విద్య అప్పటికే ఊరంతా పాకినది. తండ్రి 1908లో పోయినాడు. వెంట వచ్చిన ఆ చిన్న కొడుకు, అతని పేరూ రఫాయెలే, తండ్రిని మించినాడు. సెంట్ జాన్ ది డివైన్ దేవాలయమునకు 1909లో ఒక్క వేసవిలో, కింద పరంజా లేకుండ, మహా గుమ్మటము కట్టినాడు. తాత్కాలికమన్నారు, నేటికీ నిలిచి ఉన్నది. గ్రాండ్ సెంట్రల్ స్టేషనులో అతని కమాను కింద ఒక మూల గోడవైపు తిరిగి గుసగుసలాడితే ఎదుటి మూలలో వినబడుతుంది. గోల్కొండ ద్వారములో చప్పట్లు కొట్టి చూచిన మనకు ఆ సరదా కొత్త కాదు. అన్నిటికంటె మాకు నచ్చినది ఎల్లిస్ ద్వీపము. పరదేశములనుండి వచ్చినవారిని పరీక్షించి దేశములోనికి పంపే మహాశాల అది. 1916లో దగ్గరలో జరిగిన విస్ఫోటనమువల్ల దాని పైకప్పు చెడిపోగా, 1918లో గ్వాస్తవీనో కంపెనీవారు పెంకుల కమాను వేసినారు. 1980 దశకములో మరమ్మతుకు చూస్తే, ఇరవైయెనిమిది వేల పైచిలుకు పెంకులలో మార్చవలసి వచ్చినవి పదిహేడు. పొట్ట చేత పట్టుకొని వచ్చినవారు బెదురుతూ నిలబడిన ఆ హాలు కప్పు, వారివలెనే వచ్చినవాని విద్య.

ఇక్కడ మన ఇంటి మాట ఒకటి చెప్పక తప్పదు. ఆదివారపు తెలుగు తరగతికి పిల్లలు రావడము లేదని ఏటేటా చర్చ వస్తుంది. ఉగాదినాడు ఒక పద్యము అప్పజెప్పిస్తే చాలునని కొందరు అంటారు. గ్వాస్తవీనో కొడుకుచేత పండుగనాడు ఒక పెంకు పట్టించి ఊరుకోలేదు; రోజూ పనిలో నిలబెట్టినాడు. అది కూడు పెట్టే విద్య గనుక నిలిచినది, మన తెలుగు ఈ ఊరిలో కూడు పెట్టదు గదా అని మీరు అనవచ్చును. ఆ మాటలో నిజమున్నది. కూడు పెట్టడము మానగానే ఆ విద్య కూడ ఆగిపోయినది. కూలి పెరిగి, ఉక్కు, కాంక్రీటు చౌకయి, వెయ్యికి పైగా కట్టడములలో పని చేసిన కంపెనీ 1962లో మూతపడినది. కంపెనీ కాగితములు చెత్తలో పోకుండ కొలంబియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు జార్జి కాలిన్స్ సేకరించి దాచినాడు గనుక, ఈ తరపు ఇంజనీర్లు వాటిని చూచి మరల నేర్చుకొంటున్నారు. కాగితము దాచిన ఆచార్యుడు ఆ కులవృత్తివాడు కాడు, ఆ దేశపువాడూ కాడు. మన పిల్లల విషయములో ఏ మార్గము మేలో కార్యవర్గమువారూ తల్లిదండ్రులూ కూర్చొని మాట్లాడుకొనవలెను. మా పక్షము రోజువారీ పని వైపే.

న్యూయార్కులో పిల్లలున్నవారు ఈ సంగతి వారికి వ్రాయండి. ఆ స్టేషనును 1979లో సంరక్షిత కట్టడముగా ప్రకటించినారు. రవాణా మ్యూజియమువారు తమ సభ్యులకు అప్పుడప్పుడు చూపిస్తారు. అంతవరకు ఆగలేనివారు ఆరవ నంబరు రైలులో చివరి స్టేషనయిన బ్రూక్లిన్ బ్రిడ్జి దగ్గర దిగకుండ కిటికీ పక్కన కూర్చోవలెను. రైలు తిరుగుదారి పట్టి ఆ వంపు మీదుగా నెమ్మదిగా పోతుంది. చక్రములు పట్టాలమీద కీచుమంటవి. చీకటిలోనుండి కమానులు ఒక్కొక్కటిగా వచ్చి వెనుకకు పోతవి. కొద్ది సేపే, తరువాత రైలు అవతలి ప్లాట్‌ఫారమునకు చేరి, ఉత్తరమునకు పోయే జనము ఎక్కుతారు.