నీటి అడుగునకు తోడెవరు?



మాటయే వృత్తిగా బ్రదుకుచున్న మాకు, మాట చెల్లని చోటొకటి కలదని మొన్నమొన్నటివరకు అనుభవమునకు రాలేదు. ఆ చోటు సముద్రగర్భము. వీపున గాలి సిలిండరు మోసికొని, నోట రెగ్యులేటరు గొట్టము కరచుకొని దిగినవాడు అక్కడ ‘అమ్మా’ యని కూడ అనజాలడు. చేతి సంజ్ఞలే అక్కడి భాష. నేలమీద బొటనవ్రేలు పైకెత్తినచో ‘భేష్’ అని అర్థము. నీటి క్రింద దానికే ‘పైకి పోవుదము’ అని అర్థము. బాగున్నామని తెలుపుటకు బొటనవ్రేలిని, చూపుడువ్రేలిని సున్నవలె కలిపి చూపవలెను.

ఇట్టి చోటికి పదిమంది కలసి విహారమునకు పోవునపుడు, ముందు నడచు గైడును ఎట్లు ఎన్నుకొనవలెను? అదియే నేటి మా ప్రసంగ విషయము.

1943లో ఫ్రాన్సు దేశమున కూస్తో, గాన్యాన్ అను ఇరువురు కలసి, మునిగినవానికి కావలసినంత గాలిని కావలసినప్పుడు అందించు సాధనమును రూపొందించిరి. ఆనాటినుండి సముద్రగర్భము సామాన్యులకు కూడ అందుబాటులోనికి వచ్చినది. నేడు మన విశాఖతీరమున ఋషికొండయొద్దను, అండమానులలోని స్వరాజ్ ద్వీపమునందును స్కూబా మునకలు జరుగుచున్నవి. పగడపు దిబ్బలను, వాని నడుమ తిరుగాడు రంగురంగుల చేపలను చూడవలెనని ఉబలాటపడని యువకుడు అరుదు. ఉబలాటము తప్పు కాదు. కాని సముద్రమునకు కొన్ని నియమములు కలవు. అవి మన ముచ్చటకొరకు సడలవు.

సముద్రమట్టమున మనపై గాలి ఒత్తిడి ఒక పాలు అనుకొన్నచో, ప్రతి 10 మీటర్ల లోతునకు మరియొక పాలు చేరును. 10 మీటర్లవద్ద ఒత్తిడి రెండింతలు, 20 మీటర్లవద్ద మూడింతలు. ఒత్తిడి పెరిగినకొలది గాలి కుదించుకొనిపోవును, తగ్గినకొలది వ్యాపించును. 10 మీటర్ల లోతున నిండుగా పీల్చిన ఊపిరిని బిగబట్టి పైకి వచ్చినచో, ఆ గాలి రెండింతలు కాజూచును. ఊపిరితిత్తులు దానికి తాళజాలవు. అందువలన ఊపిరి ఎన్నడును బిగబట్టరాదనునది మునకవిద్యలో మొదటి పాఠము. కాని భయపడిన కొత్తవాడు సరిగా చేయునవి రెండే పనులు: ఊపిరి బిగబట్టుట, ఒక్క తాపున పైకి ఎగయుట. ఆ క్షణమున అతని కన్నులలోని భయమును ముందే గుర్తించి, చేయి పట్టి నిలుపువాడే గైడు. అనుభవమనగా ఇదియే.

గత సంవత్సరము మేము ఎనమండుగురము స్వరాజ్ ద్వీపమునకు పోయితిమి. మాలో ముగ్గురు శిక్షణ పొందినవారు, అయిదుగురు కొత్తవారు. రేవు దిగగానే ఒక గైడు ఎదురువచ్చి, తాను వేలకొలది మునకలు వేసితిననియు, ఎనమండుగురిని ఒకేసారి తీసికొనిపోదుననియు, ధర తగ్గింతుననియు చెప్పెను. మమ్ము మాత్రము ఒక్క ప్రశ్నయైనను అడుగలేదు. మరియొక గైడు, శ్రీకాకుళము తీరమునుండి వలస వచ్చిన కుటుంబమువాడు, తనను గురించి చెప్పక మమ్మే అడుగసాగెను. ఈత వచ్చునా? ఉబ్బసము కాని, గుండెజబ్బు కాని కలదా? ఏ మందులు వాడుచున్నారు? ఎవరికైన జలుబు చేసినదా? తిరుగు విమానము ఎప్పుడు?

విమానముతో ఇతనికేమి పని అని మాకు విసుగు కలిగెను. కారణము తరువాత తెలిసినది. ఒత్తిడిలో పీల్చిన గాలియందలి నత్రజని రక్తమాంసములలో కరగియుండును. అది మెల్లగా బయటికి పోవలెను. త్వరపడినచో సోడాసీసా మూత తీసినప్పటివలె బుడగలు లేచి, కీళ్లకును నరములకును హాని చేయును. 1908లోనే హాల్డేను అను శాస్త్రజ్ఞుడు మేకలపై పరీక్షించి, మెట్టుమెట్టుగా పైకి రావలసిన పద్ధతిని పట్టికలుగా ప్రకటించెను. విమానము ఎగిరినప్పుడు గాలి ఒత్తిడి మఱింత తగ్గును. కావున ఒక్క మునక వేసినవారు కనీసము 12 గంటలు, వరుసగా కొన్ని మునకలు వేసినవారు కనీసము 18 గంటలు ఆగి విమానమెక్కవలెనని నేటి వైద్యుల సూచన. తిరుగు ప్రయాణమును అడిగిన గైడు మన మేలు ఎరిగినవాడు.

మేమా రెండవవానినే కుదుర్చుకొంటిమి. అతడు మొదట పత్రములు చూపెను. పత్రము చూడక ఎవ్వరిని నమ్మరాదు. పత్రము చూచినంతమాత్రమున సరిపుచ్చుకొనను రాదు. ఇతరులను నడుపుటకు యోగ్యత వేరు, శిక్షణ ఇచ్చుటకు యోగ్యత వేరు. కొత్తవారు కలరేని శిక్షకుడే వెంట ఉండవలెను. అట్టివారిని 12 మీటర్లకు మించి దింపరాదని ప్రధాన శిక్షణ సంస్థల నియమము. మొదటి శిక్షణ పూర్తి చేసినవారికి సైతము 18 మీటర్లే హద్దు. “మీకెందుకు, ముప్పది మీటర్లు చూపెదను” అనువాడు మనలను గౌరవించుచున్నట్లు కాదు.

అతడు కొత్తవారికి వేరుగా శిక్షకులను ఏర్పరచి, ఒక్కొక్కరికి ఇద్దరికి మించి అప్పగింపలేదు. నడుములోతు నీటిలో నిలిపి, మాస్కులోనికి వచ్చిన నీటిని వెడలగొట్టుట, నోటినుండి జారిన గొట్టమును మరల అందుకొనుట చేయించెను. పడవలో ప్రాణవాయువు పెట్టె చూపెను. ఎక్కునపుడును, దిగునపుడును, మునకనుండి తేలినపుడును పేరుపేరున పిలిచి లెక్కించెను.

ఈ లెక్క చిన్న విషయము కాదు. 1998 జనవరి 25న ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ చెంత, 26 మంది యాత్రికులతో పోయిన ఒక పడవ తలల లెక్క తప్పి, ఇద్దరిని నడిసంద్రమున విడిచి ఒడ్డు చేరెను. రెండు దినములకుగాని వారు రాలేదని ఎవ్వరును గుర్తింపలేదు. వారు మరల కనబడలేదు. కావున ‘మీరు ఎట్లు లెక్కింతురు?’ అని గైడును అడుగుటకు మొగమాటపడరాదు.

రెండవనాడు మా జట్టుకు పరీక్ష వచ్చినది. ఈ యాత్రకై ఏడాదిగా పైకము కూడబెట్టిన మా మిత్రునకు రాత్రి జలుబు చేసెను. ముక్కు దిబ్బడ వేసినచో గొంతునుండి చెవికి పోవు సన్ననినాళము మూసికొనును. లోతునకు పోయినకొలది ఒత్తిడి సరిపడక కర్ణభేరి చిరుగవచ్చును. గైడు అతనిని పడవలోనే కూర్చుండబెట్టెను. మిత్రుడు బ్రతిమాలెను, కోపగించెను. మాలో కొందరు అతని పక్షము వహించిరి. “పైకము వాపసు ఇస్తాను సార్, దింపను మాత్రం దింపను. సముద్రం రేపు కూడా ఇక్కడే ఉంటుంది” అని గైడు సమాధానము.

ఒడ్డునకు వచ్చిన పిదప, మొదటినాటి గైడు తాను దింపెదనని ముందుకు వచ్చెను. మిత్రుని మనస్సు ఊగిసలాడెను. మా మనస్సులును ఊగినవని ఒప్పుకొనవలెను. చివరకు అతడు పోలేదు. మరునాడు చెవిపోటు హెచ్చగా శ్రీవిజయపురమున వైద్యునకు చూపితిమి. లోతునకు దిగియుండినచో వినికిడికే ముప్పు వాటిల్లియుండెడిదని ఆయన చెప్పెను. మా మిత్రుడును ఆకాశవాణి ఉద్యోగియే. చెవి పోయిన పిదప అతనికి మిగులునదేమి?

ఆనాటినుండి మాకు దృఢపడిన అభిప్రాయమిది. నీటి క్రింద మాట లేదు. అడుగవలసినదంతయు, చెప్పవలసినదంతయు ఒడ్డుననే ముగియవలెను. ఒడ్డున మనలను ఎక్కువగా ప్రశ్నించువానిని, అవసరమైనపుడు ‘కాదు’ అనగలవానిని ఎన్నుకొనుడు. మన జట్టునకును ధర్మము కలదు. జబ్బులను దాచరాదు. జంకువానిని పరిహసించి దింపరాదు. అందరిలో నెమ్మదియైనవాని నడకయే జట్టు నడక కావలెను.

ఏరు దాటువరకు ఓడ మల్లన్న, దాటిన పిదప బోడి మల్లన్న అని మనవారి సామెత. స్వరాజ్ ద్వీపమునుండి మరలి వచ్చునాడు మా మిత్రుడు ఆ గైడు రెండు చేతులు పట్టుకొని చాలసేపు విడువలేదు. ఈ సంవత్సరము మరల పోవుటకు అతడు పైకము కూడబెట్టుచున్నాడు. గైడు మాత్రము ఆతడేనట.