మా లంక భాష

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం వాళ్లు ఫోన్ చేసి "ఓ పది నిమిషాలు మాట్లాడాలండి" అన్నప్పుడు, ఇంజనీరును కదా, వంతెనల గురించి చెప్పమంటారనుకున్నాను. "వంతెనలొద్దండి, పిల్లలు నిద్రపోతారు. బడిలో మొదలై ఇప్పటికీ వదలనిది ఏదైనా ఉంటే చెప్పండి" అన్నారు. అలాంటిది నాకు ఒక్కటే ఉంది. నేను సొంతంగా భాషలు తయారు చేస్తుంటాను. మాటలు, వ్యాకరణం, లిపి, అన్నీ. దీనివల్ల పైసా రాదు. మా ఆవిడ దీన్ని ఎప్పుడో జబ్బుల ఖాతాలో వేసేసింది.

ఇది మన బడి వరండాలోనే మొదలైంది. మీలో చాలామందికి క భాష వచ్చు. ప్రతి అక్షరానికీ ముందు 'క' చేర్చడం. "నేను బడికి రాను" అనడానికి "కనే కను కబ కడి కకి కరా కను" అంటాం. ఆడపిల్లలు దీన్ని ఎంత వేగంగా మాట్లాడేవారంటే, మాకు ఒక్క ముక్క అందేది కాదు. మా గురించే మాట్లాడుకుంటున్నారని మాత్రం తెలిసేది. ఆ ఉక్రోషంతో ఎనిమిదో తరగతిలో నేనూ, నా బెంచీ మిత్రుడూ కలిసి వాళ్లకు అర్థంకాని భాష ఒకటి తయారు చేయాలనుకున్నాం. చెముడులంక, బడుగువానిలంక చుట్టూ తిరిగిన పిల్లలం కాబట్టి దానికి లంక భాష అని పేరు పెట్టాం. రావణుడి భాష అని కూడా అనుకోవచ్చు, ఇంకా గొప్పగా ఉంటుందని మావాడి ఆలోచన.

పెద్దయ్యాక తెలిసింది, ఇలాంటి పిచ్చి ప్రపంచంలో చాలామందికి ఉందని. 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' రాసిన టోల్కీన్ చిన్నప్పుడు తన అమ్మ తోబుట్టువు పిల్లలు జంతువుల పేర్లతో ఒక దొంగ భాష మాట్లాడుకుంటుంటే విన్నారు. తర్వాత వాళ్లలో ఒకరితో కలిసి 'నెవ్‌బాష్' అనే ఇంకో భాషలో చేయి పెట్టారు. ఆక్స్‌ఫర్డులో ప్రొఫెసరు అయ్యాక, 1931లో ఈ అలవాటు మీద ఒక ప్రసంగమే చేశారు. దాని పేరుకు తెలుగు చెప్పుకోవాలంటే 'రహస్య దురలవాటు'. అది చదివిన రోజు మా ఆవిడకు చూపించాను. "ఆయనకు నవలలైనా మిగిలాయి" అంది.

సరే, మన వరండాకి వద్దాం. ఎనభై పేజీల నోటుబుక్కు సగం నింపేశాం. నీళ్లకు 'సొల', పెద్దకు 'పె', కాబట్టి గోదావరి 'పెసొల'. ఇలా మూడు వందల మాటలు. అప్పట్లో ఇంగ్లీషంటే మోజు కాబట్టి వాక్యాలు మాత్రం ఇంగ్లీషు వరసలో పేర్చాం. ఒకరోజు తెలుగు క్లాసులో ఆ పుస్తకం దొరికిపోయింది. మాస్టారు ఈ రోజు మన మధ్య లేరు. ఆయన బెత్తం తీయలేదు. పుస్తకం ఇంటికి పట్టుకెళ్లి, మర్నాడు తెచ్చి, మా ఇద్దరినీ నిలబెట్టి అడిగారు: "నాకు ఆకలేస్తోంది అని మీ భాషలో చెప్పండి."

చెప్పాం. ఆయన దాన్ని మాట వెంట మాట తెలుగులోకి తిప్పి క్లాసుకి వినిపించారు: "నేను ఉన్నాను ఆకలిగల." క్లాసంతా నవ్వింది. "ఆకలి నీకు వేస్తుందిరా. నిద్ర నీకు వస్తుంది. కోపం నీకు వస్తుంది. అవి వచ్చేవి, నువ్వు పుచ్చుకునేవాడివి. తెలుగు అలా చూస్తుంది. మీ భాష ఎలా చూస్తుందో ముందు తేల్చుకోండి" అన్నారు. తర్వాత ఇంకో ప్రశ్న. "మీ పుస్తకంలో 'మేము' ఉంది, 'మనం' ఏదీ? 'మేం సినిమాకి వెళ్తున్నాం' అంటే నన్ను వదిలేసి వెళ్తున్నారని. 'మనం వెళ్తున్నాం' అంటే నాకూ టికెట్టు కొన్నారని. ఈ తేడా లేకపోతే నేను సైకిలెక్కాలో వద్దో నాకెలా తెలుస్తుంది?"

అప్పటిదాకా 'మనం', 'మేము' రెండు మాటలని తెలుసుగానీ, వాటి మధ్య ఒక గోడ ఉందని నాకు తెలియదు. ఇంగ్లీషులో ఆ గోడ లేదు. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పేరొచ్చిన కృత్రిమ భాష ఎస్పెరాంతో. దాన్ని జామెన్‌హాఫ్ అనే కళ్ల డాక్టరు 1887లో వార్సాలో ప్రకటించాడు. ఆయన పుట్టిన ఊళ్లో రష్యన్, పోలిష్, జర్మన్, యిడ్డిష్ మాట్లాడేవాళ్లు ఒకరినొకరు నమ్మేవారు కాదు. అందరికీ ఉమ్మడిగా ఒక తేలిక భాష ఉంటే బాగుంటుందని 16 సూత్రాలతో వ్యాకరణం రాశాడు. అంత ఆలోచించినవాడి భాషలో కూడా 'మనం', 'మేము' రెండింటికీ 'ని' అన్న ఒక్క మాటే ఉంది. 2009లో వచ్చిన 'అవతార్' సినిమా కోసం పాల్ ఫ్రామర్ తయారు చేసిన నావి భాషలో మాత్రం ఈ రెండూ వేరు వేరు. అది చదివినప్పుడు మన మాస్టారే గుర్తొచ్చారు.

మనవాళ్లు కూడా ఈ పనిలో తక్కువ తినలేదండి. 'మాయాబజార్' (1957) చూడనివాళ్లు ఇక్కడ ఉండరు. పింగళి నాగేంద్రరావు గారు అందులో 'గిల్పం', 'గింబళి' అన్నప్పుడు నవ్వుతాం. కానీ అవి ఊరికే పుట్టిన మాటలు కావు. తల్పం గిల్పం, కంబళి గింబళి. మన ఇళ్లలో రోజూ అనేదే: పుస్తకం గిస్తకం, కాఫీ గీఫీ. మొదటి అక్షరం తీసేసి, అక్కడ హ్రస్వముంటే 'గి', దీర్ఘముంటే 'గీ' పెట్టాలి. ఈ సూత్రం మా అమ్మకు ఎవరూ నేర్పలేదు. కానీ ఊళ్లోకి కొత్త మాట ఏది దిగినా మర్నాటికి అమ్మ నోట్లో దానికి జత తయారు. బస్సు గిస్సు, ఫోను గీను. మరి 'గిన్నె'కి జత ఏమిటి? ఇంటికెళ్లి మీ అమ్మగారిని అడగండి. అదే సినిమాలో రాక్షస శిష్యులు జంటాక్షరాలు పలకలేక 'దుసట చతుసటయం' అంటారు. మనవాళ్లు రత్నాన్ని రతనం చేసిందీ ఆ దారిలోనే. పింగళి వారు కొత్త మాటలు పుట్టించారుగానీ, సూత్రాలు మాత్రం తెలుగు నోట్లోంచే తీసుకున్నారు. అందుకే అవి ఇంకా బతికున్నాయి.

ఈ కాలం పిల్లలకు కిలికి తెలుసు. 2015లో వచ్చిన 'బాహుబలి'లో కాలకేయులు మాట్లాడేది. దాన్ని చేసింది తమిళ గీత రచయిత మదన్ కార్కి. కంప్యూటర్ సైన్సులో డాక్టరేటు చేసిన మనిషి. సుమారు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలు. 'మిన్' అంటే నేను, 'నిమ్' అంటే నువ్వు. తిరగేస్తే ఎదుటి మనిషి. మా మనవళ్ల వయసు పిల్లలు కూడా దాన్ని అనుకరిస్తుంటే, మా లంక భాషకు ఒక రాజమౌళి దొరకలేదే అని కొంచెం అసూయ కలిగిన మాట నిజం.

ఇప్పుడు అసలు సంగతి చెప్తాను.

మాస్టారు చెప్పినట్టు పుస్తకం మొదటినుంచీ తిరగరాశాం. క్రియలకు చివర ప్రత్యయాలు పెట్టాం. మగవాడైతే 'డ', మిగతా వాటన్నింటికీ 'ద'. తెలుగులో అంతే కదా. అబ్బాయి వచ్చాడు, అమ్మాయి వచ్చింది, గేదె వచ్చింది. ఒక సాయంత్రం మా అక్కకు గొప్పగా చదివి వినిపించాను. అప్పుడు తను పదో తరగతి. శ్రద్ధగా విని అంది: "అబ్బాయికి ఒకటి, నాకూ గేదెకీ ఒకటీనా?"

నేను తడుముకున్నాను. మర్నాడు మాస్టారిని అడిగాను. ఆయన నవ్వి, 1858లో అచ్చయిన చిన్నయసూరి బాలవ్యాకరణం నుంచి మహత్తు, అమహత్తు, మహతి అని మూడు మాటలు బోర్డు మీద రాశారు. ఏకవచనంలో స్త్రీలు అమహత్తులతో, బహువచనంలో మగవాళ్లతో. అమ్మాయిలు వచ్చారు, గేదెలు వచ్చాయి. "తమిళంలో, కన్నడంలో ఆడవాళ్లకు వేరే ప్రత్యయం ఉంది, మనకు లేదు" అని కూడా చెప్పారు. ఇంటికి పరిగెత్తి అక్కకు అప్పజెప్పాను. తను ఒక్క క్షణం ఆలోచించి, "అంటే ఒక్కదాన్నే ఉంటే గేదెతో జమ, ఇద్దరం కలిస్తే మనుషులతో జమ. బాగుంది. తెలుగు మనం చేసింది కాదు, సరే. ఈ భాష మీరే చేస్తున్నారుగా? ఇక్కడైనా మార్చకూడదా?" అంది.

"అలా కుదరదు, వ్యాకరణం అంటే వ్యాకరణమే" అన్నాను. పదమూడేళ్లవాడిని. నాకంటే తెలివైన ప్రశ్న అడిగిన మనిషికి నేను చెప్పిన జవాబు అది.

ఆ ఏడాది అక్క పది పాసైంది, మంచి మార్కులతో. దాంతో చదువు ఆపేశారు. మా ఇంట్లో ఒక్కరినే పై చదువులకు పంపే స్తోమతు ఉంది, ఆ ఒక్కరు ఎవరని ఎవరూ చర్చించలేదు. నేనూ అడగలేదు. జొన్నాడ వంతెన దాటి కాలేజీకి బస్సెక్కినప్పుడు కూడా నాకు అది వింతగా అనిపించలేదు. వ్యాకరణం అంటే వ్యాకరణమే అనుకున్నట్టే, ఇల్లు అంటే ఇలాగే ఉంటుంది అనుకున్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, సైటులో సాయంత్రాలు ఏమీ తోచక పాత నోటుబుక్కు తీశాను. 'డ', 'ద' ఉన్న పేజీ దగ్గర చేయి ఆగిపోయింది. ఆ ప్రత్యయాలు ఆకాశం నుంచి ఊడిపడలేదు, మేమే పెట్టాం, నా చేతిరాతే అది. కొట్టేసి, మనుషులందరికీ 'న' అని రాశాను. ఒక్క అక్షరం. దానికోసం నలభై పేజీలు మళ్లీ రాయాల్సి వచ్చింది, ఎందుకంటే భాషలో ఒక మేకు కదిపితే గోడంతా కదులుతుంది. ఇంజనీర్లకు ఇది తెలిసిన బాధే.

పండక్కి వచ్చినప్పుడు అక్కకు చూపించాను. అప్పటికి తనకు ఇద్దరు పిల్లలు. చేతులు తుడుచుకుని, పుస్తకం తీసుకుని, పేజీలు తిరగేసింది. "మంచి పని చేశావు. ఇంతకీ ఈ భాష ఎంతమంది మాట్లాడతారు?" అని అడిగింది. "ఇద్దరం" అన్నాను. "అయితే ఇంకా చాలా పనుందిరా" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ మాట నేను మరిచిపోలేదు. తన కూతురు ఇంజనీరింగులో చేరినప్పుడు ఫీజు కట్టింది నేనే. గొప్ప కోసం చెప్పడం లేదు. బాకీలో వడ్డీ కూడా కాదది.

లంక భాషకు ఇప్పటికీ మాట్లాడేవాళ్లు ఇద్దరమే. మావాడు గల్ఫులో ఉన్నాడు. వారానికోసారి ఫోనులో లంక భాషలో సందేశం పెడతాడు, సగం తప్పులతో. నేను దిద్ది పంపుతాను. అంతకంటే పెద్ద ఆశలు దాని మీద లేవు. ఎస్పెరాంతో మాట్లాడే తల్లిదండ్రులకు పుట్టి, అదే మాతృభాషగా పెరిగిన పిల్లలు ఉన్నారు. మనకు అంత భాగ్యం లేదు, అక్కర్లేదు కూడా. నాకు ఈ పిచ్చి ఇచ్చింది వేరే. సొంత భాష చేయబోయి నేను నేర్చుకున్నది తెలుగే. 'రాను, రావు, రాడు' అన్నప్పుడు 'కాదు' అనే మాట విడిగా లేకుండానే కాదనగలుగుతున్నామని, 'నిన్న వచ్చిన అబ్బాయి' అని మూడు మాటల్లో చెప్పేస్తున్నామని, ఆ పుస్తకం రాయకపోతే నాకు ఎప్పటికీ కనపడేది కాదు.

చివరగా సంఘానికి ఒక విన్నపం. ఏటా మనం పిల్లలకు వ్యాసరచన పోటీ పెడుతున్నాం. దాంతోపాటు ఎనిమిది, తొమ్మిది తరగతులకు ఇంకో పోటీ పెడదాం. ఇద్దరేసి పిల్లలు కలిసి ఒక చిన్న భాష తయారు చేయాలి. యాభై మాటలు, పది సూత్రాలు, వాటితో ఒక ఉత్తరం. నోటుబుక్కులు, బహుమతులు నా ఖర్చు. ఒక్క షరతు. ప్రతి సూత్రం పక్కన, అది ఎందుకు పెట్టారో రాయాలి. 'తెలుగులో ఇలాగే ఉంది కాబట్టి' అని రాస్తే మార్కులు లేవు.

న్యాయనిర్ణేతగా ఎవరుండాలో కూడా చెప్పేస్తాను. మా అక్క కూడా ఈ బడి పూర్వ విద్యార్థే. మూడో వరసలో, కిటికీ పక్కన కూర్చుంది. నేను ఇవన్నీ చెప్తానని తనకు ముందు చెప్పలేదు. ఇంటికెళ్లాక నాకు ఉంది. ఒప్పుకుంటే మాత్రం, పిల్లలూ, జాగ్రత్తగా రాయండి. ఆవిడ ప్రశ్నలు కష్టంగా ఉంటాయి.