చేశారా, చేయించారా?

మీరు కుప్పంలో బండి బాగు చేయించుకొచ్చారు. ఇంగ్లీషులో 'ఐ రిపేర్డ్ మై బైక్' అన్నారనుకోండి, స్పానర్ పట్టింది మీరేనని అర్థం! చేసింది మెకానిక్కు కదా? అయితే 'ఐ గాట్ మై బైక్ రిపేర్డ్' అనాలి. ముందు బండి, తర్వాత రిపేర్డ్. మన 'చేయించు'లో 'ఇంచు' చేసే పని అక్కడ 'గాట్' చేస్తుంది. 'హ్యాడ్' అన్నా సరే.

మన మదనపల్లెనే చూడండి. 1919లో ఠాగూర్ అక్కడ జనగణమనను తానే ఇంగ్లీషు చేశారు. అందుకే 'ఠాగూర్ ట్రాన్స్‌లేటెడ్ ద సాంగ్'. 'హ్యాడ్ ద సాంగ్ ట్రాన్స్‌లేటెడ్' అంటే ఇంకొకరి చేత చేయించినట్టు. పాపం, ఆయన కష్టమంతా పరులపాలు!

వరుస మాత్రం జాగ్రత్త. ముందు బండి, తర్వాత రిపేర్డ్. తిరగేసి 'హ్యాడ్ రిపేర్డ్ మై బైక్' అన్నారో, మళ్ళీ మీరే మెకానిక్కు.