తులిప్ తోట, దాని వెనక సేద్యం

వసంతంలో పిల్లాపాపలతో నెదర్లాండ్స్ వెళ్ళి కొయ్‌కెన్‌హాఫ్ తోట చూడాలనుకునేవారు పూలను మాత్రమే చూసి తిరిగి రాకూడదు, వాటి వెనకున్న సేద్యాన్నీ చూడాలి. లిస్సె పట్టణంలో 32 హెక్టార్లలో ఉన్న ఈ తోటను 1950లో ప్రజలకు తెరిచారు. దుంపలు పండించేవాళ్ళు తమ సరుకును లోకానికి చూపేందుకు పెట్టిన ప్రదర్శన ఇది. ఏటా శరత్తులో సుమారు 70 లక్షల దుంపలు నాటుతారు. చలికాలం నేలలో గడిపితేనే తులిప్ సరిగా పూస్తుంది. మన మైదానాల్లో దాన్ని పెంచడం కష్టం కావడానికి కారణం ఆ చలి లేకపోవడమే. తోట తెరిచి ఉండేది మార్చి మూడో వారం నుంచి ఎనిమిది వారాలే. తులిప్‌లకు సాధారణంగా ఏప్రిల్ నడుమ మంచి అదను.

శ్రీనగర్‌లో తులిప్ తోట ఉండగా అంత దూరం, అంత ఖర్చు ఎందుకని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. రంగులే కావాలంటే జబర్వాన్ కొండల కింది ఆ తోట చాలు. లిస్సె చుట్టుపక్కల పొలాల్లో మాత్రం నిండుగా విచ్చిన పూల తలలను యంత్రాలతో తెగ్గొడతారు! చూసిన పిల్లలు అయ్యో అనకుండా ఉండరు. గింజ కట్టనివ్వకపోతే ఆ బలమంతా దుంపకు చేరుతుంది, రైతు అమ్ముకునేది దుంపనే. పంటకు లెక్క ఏమిటో దీనికంటే బాగా ఏ పాఠమూ చెప్పలేదు. ఇదంతా కృత్రిమం అనేవారూ ఉన్నారు. నిజమే, అసలు తులిప్ అక్కడి పువ్వే కాదు. మధ్య ఆసియా కొండల నుంచి తుర్కీ మీదుగా వచ్చింది. 1590లలో వృక్షశాస్త్రవేత్త క్లూసియస్ లైడెన్ విశ్వవిద్యాలయ తోటలో దాన్ని పెంచాడు. అక్కడ తులిప్ మొదటినుంచీ మనిషి చేతి పంటే. ఆ లైడెన్ తోట కూడా దగ్గరే, తప్పక చూడండి. పొలాల్లోకి మాత్రం ఫొటోల కోసం దిగవద్దు, తొక్కితే దుంపలు పాడవుతాయి. గట్టు మీద నుంచే చూడండి.