అడిగే తీరు

అక్కచెల్లెళ్ళారా, ప్రమాణాలకు పేరుపడ్డ కాణిపాకంలో సాక్ష్యం గురించే మాట్లాడతాను. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అమెరికాలో విద్యార్థులకు కారు ప్రమాదం ఫిల్ము చూపారు. కార్లు ‘తగిలినప్పుడు’ వేగమెంతని 50 మందిని, ‘నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు’ ఎంతని మరో 50 మందిని అడిగారు. వారం తర్వాత, ఫిల్ములో లేని పగిలిన అద్దం చూశామన్నవాళ్ళు మొదటివారిలో 7గురు, రెండోవారిలో 16 మంది! దెబ్బలు తిని వచ్చినామెను ‘నువ్వేమన్నావని కొట్టాడు?’ అని మనమే అడిగితే, తప్పు ఎవరిదని గుర్తుంటుంది?

ఇది మనస్తత్వశాస్త్రంలో తొలి పాఠాల్లోదే. 2017లో మొదలైన కేంద్రప్రభుత్వ ‘స్వయం’లో ఇటువంటి కోర్సులు ఉచితంగా వినొచ్చు, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. పాఠాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే, అది వేరే పోరాటం. అసలు చిక్కు, ఫోను మగవాళ్ళ జేబులో, మన సాయంత్రం పొయ్యి దగ్గర ఉండటం. అందుకే సంఘం ఆఫీసులో వారానికి రెండు రోజులు కలిసి విందాం. ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ఆపి ఆపి తెలుగులో చెప్పండి. పిల్లల్ని వెంట తెచ్చుకోండి.