స్తంభాలు ఎక్కడ నిలబెట్టాలి?



ఈరోజు పట్టాలు అందుకుంటున్న స్నాతకులారా, సాహిత్యం చదివితే ఏమొస్తుందని మీ చుట్టాలు అడిగే ఉంటారు. వాళ్లకు ఆండ్రూ గర్ సంగతి చెప్పండి. ఇంగ్లండులోని రెడింగ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేశారు. షేక్‌స్పియర్ కాలపు రంగస్థలం మీద 1970లో ఒక పుస్తకం, ఆనాటి ప్రేక్షకుల మీద 1987లో మరొకటి రాశారు. అక్కడితో ఆగినా పండితుడిగా పేరు నిలిచేది.

ఆగలేదు. శామ్ వానమేకర్ అనే అమెరికన్ నటుడు లండన్‌లో థేమ్స్ ఒడ్డున షేక్‌స్పియర్ కాలపు గ్లోబ్ నాటకశాలను మళ్లీ కట్టాలని పట్టుబట్టాడు. ఆ పనికి గర్ ముఖ్య సలహాదారు అయ్యారు. పుస్తకంలోనైతే ‘బహుశా’ అని రాసి తప్పించుకోవచ్చు. వడ్రంగి దగ్గర ఆ మాట చెల్లదు, దూలం ఎన్ని అడుగులో చెప్పి తీరాలి.

ఆధారాలు చూస్తే అరకొర. 1600లో ఫార్చ్యూన్ అనే మరో నాటకశాల కోసం రాసుకున్న ఒప్పందం ఒకటుంది. వేదిక వెడల్పు 43 అడుగులని స్పష్టంగా రాశారు. తీరా మనకు కావలసిన చోట, గ్లోబ్‌లో ఉన్నట్టే కట్టమని సరిపెట్టారు! వాళ్లను ఏమనగలం? మేస్త్రీ పీటర్ స్ట్రీట్ అంతకు ముందే గ్లోబ్ కట్టినవాడు, అతనికి విడమరచి చెప్పేదేముంది? 1989లో తవ్వకాల్లో గ్లోబ్ పాత పునాది కాస్త బయటపడింది. ఆ ముక్కను బట్టి మొత్తం భవనాన్ని ఊహించాలి. అడ్డుకొలత 99 అడుగులా, 90 అడుగులా అన్నది తేలక 1992లో పండితులు ఓటు వేసుకున్నారు. సాహిత్య చర్చ ఓటింగుదాకా వెళ్లడం నాకు భలే నచ్చుతుంది. 99 గెలిచింది.

వేదిక మీది రెండు స్తంభాల దగ్గర మళ్లీ పేచీ. చూపుకు అడ్డమని రంగస్థలం వాళ్లు, ఉండాల్సిందేనని పండితులు. చివరికి తాత్కాలిక వేదిక మీద ఆడి చూసి వాటి చోటు సవరించారు. గ్రంథాలయంలో కూర్చుంటే తేలే విషయం కాదది.

వానమేకర్ 1993లోనే కన్నుమూశాడు. 1997లో తెరిచిన గ్లోబ్‌లో అయిదో హెన్రీ నాటకం ఆడితే, నేల మీద నిలబడిన జనం ఫ్రెంచి పాత్రలను గేలి చేశారు. ఇదేం మర్యాదని కొందరు నొచ్చుకున్నారు. పద్యానికి వన్స్‌మోర్ కొట్టిన మనవాళ్లకు అందులో వింతేమీ కనిపించదు.

రేపు మీ ఊరి నాటక సమాజమో, గ్రంథాలయమో పిలిస్తే, మీ చదువును వెంటబెట్టుకుని వెళ్లండి. స్తంభం ఎక్కడ నిలబెట్టాలో వాళ్లతో పోట్లాడండి.