ఉన్న వస్త్రము



గతమాసమున నా బీరువాను సర్దుచు అందలి వస్త్రములను లెక్కించితిని. పంచెలు 11, లాల్చీలు 14, సన్మానసభలలో నాకు గప్పిన శాలువలు 9. వీనిలో నేను నిజముగా ధరించునవి నాలుగు పంచెలు, నాలుగు లాల్చీలు మాత్రమే. అయినను ఆ వారమే మా అబ్బాయి "పండుగకు ఏమి కొనమంటారు నాన్నగారూ?" అని యడుగగా, "ఒక లాల్చీ చాలు" నను మాట నా నోట వెంటనే వెడలినది. పదునాలుగు చాలనివానికి పదునైదవది యెట్లు చాలును? ఈ ప్రశ్నయే నేటి ప్రసంగమునకు మూలము.

వస్త్రమువలని ప్రయోజనములు మూడు. చలినుండియు ఎండనుండియు రక్షించుట, మానమును గాచుట, సభలో మర్యాద నిలుపుట. ఈ మూడింటికిని పరిమితి కలదు. నాలుగవది యొకటి మనము చేర్చుకొంటిమి: ఇతరులు మనల నేమనుకొందురో యను శంకను తీర్చుట. దీనికి పరిమితి లేదు. ఏలయన, ఆ శంక గుడ్డతో తీరునది కాదు.

ఆ శంకను ఇతరులలో నాటిన పాపము నాకును కలదు. నేను ఉద్యోగమున జేరిన తొలి యేండ్లలో, వర్షాకాలమున, ఒక బాలుడు ప్రతిదినము ఒకే చొక్కాతో బడికి వచ్చుచుండెను. ఒకనాడు తరగతిలో నందఱి యెదుటను "నీకు వేఱొక చొక్కా లేదా?" అంటిని. పిల్లలు నవ్విరి. మఱునాటినుండి వాడు రాలేదు. మూడవనాడు వాని యింటికి బోయితిని. తల్లి పొయ్యిప్రక్కన ఆ చొక్కాను ఆరబెట్టుచున్నది. "ఉన్నది ఒక్కటే అయ్యగారూ. రోజూ రాత్రి ఉతికి ఆరేస్తాను. ఈ ముసురుకు ఆరడంలేదు" అన్నది. మాసినబట్టతో వచ్చుచున్నాడని నేను దలచినవాడు, తరగతిలో నెల్లరికంటె శుభ్రమైన బట్ట కట్టినవాడు. నాటినుండి పదవీవిరమణము వఱకు ఏ విద్యార్థి వస్త్రమును గూర్చియు నేను పలుకలేదు.

1921 సెప్టెంబరు 22న మధురలో గాంధిమహాత్ముడు చొక్కాను, టోపీని విడిచి కొల్లాయి గట్టెను. ఖద్దరు కొనుటకు శక్తిలేదని పేదలు చెప్పిన మాట ఆయనను కదల్చినది. 1931లో లండనులో చక్రవర్తి తేనీటి విందునకును ఆయన కొల్లాయితోనే వెళ్ళెను. వేషమునకు గౌరవము మనుష్యునినుండి వచ్చును గాని, మనుష్యునకు వేషమునుండి రాదు.

చౌకయని మనము కొను చొక్కాకు వెల మఱియొకరు చెల్లించుటయు గలదు. 2013 ఏప్రిల్ 24న ఢాకా సమీపమున, కుట్టుకర్మాగారములున్న రానా ప్లాజా భవనము కూలి 1,100 మందికి పైగా మరణించిరి. గోడలు బీటలు వాఱినవని ముందునాడే తెలిసియు, పనివారిని లోనికి బంపిరి. అక్కఱలేని బట్ట కొనునపుడు ఈ సంగతి స్మరింపదగినది.

తృప్తి యనగా మాసినబట్ట కట్టుట కాదు. ఉన్నదానిని ప్రేమతో గాచుకొనుట. పట్టుచీరను ఏండ్లతరబడి ఒకే మడతపై నుంచిన, మడతయొద్ద జరీ విఱుగును. అప్పుడప్పుడు విప్పి మడత మార్చవలెను. రంగుబట్టను తిరగవేసి నీడను ఆరవేసిన రంగు నిలుచును. చొక్కా కాలరు అరిగినచో దర్జీచే విప్పించి తిరగవేయింపవచ్చును. చినుగు చిన్నదిగా నున్నపుడే సూది పట్టవలెను. మా యింట పాతచీరలన్నియు బొంతలయ్యెడివి. ఏ ముక్క ఎవరి చీరయో చెప్పుకొనుచు మేము నిద్రించెడివారము.

ఇక సొంపు మాట. వీథి చివర నేను కనబడగానే, మొగము తెలియకమునుపే, నా పంచెకట్టును కండువాను జూచి "మాస్టారు వస్తున్నారు" అందురు. అది యంగడిలో దొఱకినది కాదు. నలువది యేండ్ల అలవాటువలన గుదిరినది. ఎవరికి నప్పినకట్టు వారికి భూషణము. నెలకొక క్రొత్తవేషము మార్చువానికి తనదను వేషమే యుండదు.

మా అబ్బాయితో లాల్చీ వలదంటిని. శాలువలలో నొకటి యుంచుకొని, ఎనిమిదింటిని చలికాలము రాకమునుపే, క్రొత్తవిగా నుండగానే యిచ్చివేసితిని. చినిగిన పిదప నిచ్చుట దానము కాదు, బీరువా శుభ్రపఱచుకొనుట మాత్రమే.

మీరును ఒకమాఱు బీరువా తెఱచి లెక్కింపుడు. క్రొత్తది కొనవలెనను కోరిక, ఆ లెక్క ముగిసిన పిదపను నిలిచియున్నచో, అప్పుడు కొనుడు.

సెలవు.